తండ్రి నడిపిన ఆటో – తనయుడు విసిరిన బంతి

సుబేదారి వీధులలో సాయంకాలము అయిదు గంటలు దాటినచో, ఖాళీగా నున్న ప్రతి జాగాయందును ఒకే దృశ్యము కానవచ్చును. మూడు కర్రలు దొరికినచోట కర్రలు పాతుదురు. దొరకనిచోట రెండు ఇటుకలు నిలుపుదురు. అదియు లేకున్న ప్రహరీగోడపై బొగ్గుతో మూడు గీతలు గీతురు. ఒక పిల్లవాడు బ్యాటు పట్టి నిలుచును. మరొకడు చెప్పులు విడిచి, అల్లంత దూరము వెనుకకు నడిచి, అక్కడినుండి పరుగెత్తి వచ్చి బంతి వేయును. మా చిన్నతనమున చిర్రగోనె, ఏడుపెంకులాట ఆడిన నేలపై నేడు ఈ ఆట రాజ్యమేలుచున్నది.

నేను తెలుగు పాఠము చెప్పి జీవించువాడను. ఆటలలో ప్రవేశము లేదు. ఇంటికి పోవు దారిలో ఈ పిల్లలను చూచి, “ఈ బంతి వీనికి ఎన్నడైనా కూడు పెట్టునా?” అని పలుమారులు అనుకొన్నవాడనే. అనుకొనుటతో ఆగక, ఒకనాడు ఒక విద్యార్థితో ఆ మాట పైకి అన్నవాడను కూడ. ఆ సంగతి చివర చెప్పెదను. 2025 ఆగస్టు 4వ తేదీన లండను నగరములోని ఓవల్ మైదానమున ఒక హైదరాబాదు యువకుడు వేసిన ఒక్క బంతి నా పాత ప్రశ్నను మరల నా ముందర నిలిపినది. ఆ యువకుని పేరు మహమ్మద్ సిరాజ్. అతని తండ్రి హైదరాబాదు వీధులలో ఆటో నడిపి సంసారము నీదిన మహమ్మద్ గౌస్.

అతని కథను చెప్పుటకు ముందు, బంతి విసరుటయే వృత్తిగా గలవారు ఇతర దేశములలో ఏ దారిన పైకి వత్తురో చూచుట మంచిది. అమెరికాలో బేస్‌బాల్ అను ఆట కలదు. అందు బంతి విసరువానిని పిచ్చరు అందురు. అతడు మన బౌలరునకు దాయాది వంటివాడు. అతడు నిలుచు చోటికిని, కొట్టువాని ముందున్న పలకకును నడుమ దూరము 60 అడుగుల 6 అంగుళములు. మన పిచ్ పొడవు 22 గజములు, అనగా 66 అడుగులు. అతడు మోచేయి వంచి విసరవచ్చును. మన బౌలరు మోచేతిని 15 డిగ్రీలకు మించి చాచరాదు. అతని బంతి నేల తాకకయే పోవును. మన బంతి నేల తాకి లేచును. ఈ భేదములను అటుంచి చూచినచో ఇరువురి బ్రతుకును ఒక్కటే: భుజము, వ్రేళ్ళు, ఓర్పు.

కాని ఇరువురు ఎక్కు మెట్లు వేరు. అమెరికా బాలునికి బడిలోనే జట్టు ఉండును, శిక్షకుడు ఉండును, తరువాత కళాశాల జట్టు ఉండును. పెద్ద సంస్థల దూతలు బడి మైదానములకే వచ్చి వేగమును కొలిచే యంత్రములతో వాని చేతిని పరీక్షింతురు. పిదప సంస్థలు వరుస ప్రకారము కుర్రవాండ్రను ఎన్నుకొను సభ యొకటి జరుగును. ఎన్నికైనవాడు మైనరు లీగులలో సింగిల్ ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అను మెట్లు ఒకటొకటిగా ఎక్కి, ఏండ్ల తరబడి బస్సులలో ఊరూరు తిరిగి, అదృష్టమున్న మేజరు లీగులో అడుగు పెట్టును. ఆ మెట్ల మీద ఆగిపోయినవారే ఎక్కువ. మన దేశమువారు కూడ ఇద్దరు ఆ మెట్లెక్క జూచినారు. ఉత్తరప్రదేశమున ఈటె విసరు రింకూ సింగు, దినేశ్ పటేలు అను యువకులు 2008లో ఒక టెలివిజన్ పోటీలో నెగ్గి, అమెరికాకు పోయి, పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థతో ఒడంబడిక చేసికొన్నారు. అమెరికా వృత్తి క్రీడాసంస్థతో ఒడంబడిక పొందిన తొలి భారతీయులు వారే. వారి కథ 2014లో చలనచిత్రముగా వచ్చినది. అయినను మేజరు లీగు గడప వారికి అందలేదు. నిచ్చెన ఉన్నచోటనే ఎక్కుట ఇంత కష్టము. ఇక నిచ్చెనయే లేనివాని గతి యేమి?

హైదరాబాదు క్రికెట్టునకు గొప్ప వంశచరిత్ర ఉన్నది. 1922లో జన్మించిన గులాం అహమ్మద్ ఆఫ్‌స్పిన్ బంతులు వేసి, 22 టెస్టులలో 68 వికెట్లు తీసి, దేశమునకు నాయకత్వము వహించినాడు. ఆయన తరువాత జయసింహ, అబ్బాస్ అలీ బేగ్, పిదప అజహరుద్దీన్, తూర్పు గోదావరి జిల్లా ఆలమూరున పుట్టి హైదరాబాదున ఎదిగిన వెంకటపతి రాజు, లక్ష్మణ్ అందరును ఆ ధారలోనివారే. మదర్సా ఆలియా, ఆల్ సెయింట్స్ వంటి పాఠశాలలు, నిజాం కళాశాల వంటి విద్యాలయములు ఈ ఆటకు పుట్టిండ్లుగా పేరొందినవి. అనగా మనకును ఒక నిచ్చెన కలదు. కాని దాని మొదటి మెట్టు మంచి పాఠశాల గేటు లోపల ఉండెడిది. ఆ గేటు వెలుపల పుట్టినవాడు సిరాజ్.

*

1994 మార్చి 13న అతడు జన్మించినాడు. మాసబ్ ట్యాంకునకు చేరువనున్న ఫస్ట్ లాన్సర్ ప్రాంతము అతని వాడ. తండ్రి ఉదయము ఆటో తీసికొని పోయినచో ఇల్లు చేరు వేళ నిశ్చయము లేదు. అన్న చదువులో చురుకు. తమ్మునికి మాత్రము బడి గంట కంటె మైదానపు కేక ఎక్కువగా వినబడెడిది. పెద్దవాడు చదువుకొనుచుండగా చిన్నవాడు ఆటలో కాలము పాడుచేయుచున్నాడని తల్లి కోపపడెడిదని అతడే తరువాత చెప్పుకొన్నాడు. ఏ తల్లి కోపపడదు? ఆమె కోపములో తప్పు లేదు. పేదయింట చదువొక్కటే నమ్మదగిన నిచ్చెన అని మనమే కదా ఆ తల్లులకు నేర్పినాము!

తండ్రి మాత్రము అడ్డు చెప్పలేదు. ఆటో సంపాదనలోనుండియే కుమారుని బూట్లకు, దారి ఖర్చులకు మిగిల్చినాడు. ఆయన క్రికెట్టు శాస్త్రము తెలిసినవాడు కాడు. కొడుకు ముఖములోని వెలుగు తెలిసినవాడు. ఒక్కొక్కప్పుడు లోకములో శాస్త్రజ్ఞులు చేయలేని పని ఇట్టివారు చేయుదురు.

ఆ వాడలో ఆడునది టెన్నిసు బంతితో. దాని బరువు 58 గ్రాముల ప్రాంతము. అసలు క్రికెట్టు బంతి తోలుతో కుట్టినది, గట్టిది. దాని బరువు 156 మొదలు 163 గ్రాములు, అనగా ఇంచుమించు మూడు రెట్లు. టెన్నిసు బంతికి కుట్టు లేదు కాబట్టి కుట్టు మీద వేళ్ళుంచి బంతిని గాలిలో వంచు విద్య దానితో రాదు. దానితో వేగము తెచ్చుకొనవలెనన్నచో భుజము విరుగునట్లు విసరవలెను. ఈ లోపమే సిరాజ్‌కు ఒక విధముగా గురువైనదని నా ఊహ. తేలిక బంతితో వేగము సాధించిన భుజము, బరువు బంతి చేతికి వచ్చిన నాడు వెనుదీయలేదు.

తన తొలి సంపాదన గూర్చి అతడొక ముచ్చట చెప్పినాడు. అది ఇరువదియైదు ఓవర్ల క్లబ్బు పోటీ. జట్టు నాయకుడు అతని మేనమామ. ఆనాడు సిరాజ్ 9 వికెట్లు తీసినాడు. మేనమామ సంతోషము పట్టలేక చేతిలో 500 రూపాయలు పెట్టినాడు. మేనమామ ఇచ్చిన ఆ నోటులో పెండ్లికి పెట్టిన కట్నము కంటె ఎక్కువ దీవెన ఉన్నదని నాకు తోచును.

ఇరువదియొక్క ఏండ్లు వచ్చువరకు అతడు తోలు బంతి ముఖము సరిగా చూచినవాడు కాడు. 2015లో చార్మినార్ క్రికెట్టు క్లబ్బులో ఆ బంతి చేతికి వచ్చినది. అదే సంవత్సరము నవంబరు 15న హైదరాబాదు పక్షమున సర్వీసెస్ జట్టుపై రంజీ పోటీలో అడుగు పెట్టినాడు. మిగిలినవారు పదేండ్ల వయసునుండి శిక్షణాలయములలో నేర్చుకొను విద్యను ఇతడు నెలలలో నేర్చుకొనవలసి వచ్చినది. మరుసటి ఏడు, అనగా 2016–17 రంజీ ఋతువులో, 41 వికెట్లు తీసినాడు. ఒక్కొక్క వికెట్టునకు ఇచ్చిన పరుగులు సగటున 18.92 మాత్రమే. ఆ ఏట హైదరాబాదు జట్టు శిక్షకుడు భరత్ అరుణ్. వీధి ఆటలో పుట్టిన ఆ పరుగును, ఆ చేతి విసురును చెరిపివేయక, దిద్దవలసినంత మాత్రమే దిద్దినాడు. గురువులకు ఇదొక పాఠము. శిష్యునిలో ఉన్నదానిని చంపి మన పోలికను అచ్చుగ్రుద్దుట బోధన కాదు.

2017 ఫిబ్రవరిలో ఐ.పి.ఎల్. వేలము జరిగినది. 20 లక్షల మూలధర గల సిరాజ్‌ను హైదరాబాదు సన్‌రైజర్స్ సంస్థ 2 కోట్ల 60 లక్షలకు తీసికొన్నది. ఆనాడే అతడు తండ్రితో, ఇక మీరు ఆటో నడుపవద్దు, విశ్రాంతి తీసికొనుడని చెప్పినాడట. ఇల్లు మార్చినాడు. ఇరువది మూడవ ఏట సంసారభారము నెత్తికెత్తుకొన్నందుకు తనకు గర్వముగా నున్నదని కూడ చెప్పినాడు. సినిమా అయినచో ఇక్కడ “శుభము” అను అక్షరములు పడును. జీవితమున అసలు పరీక్ష ఇక్కడనే మొదలైనది.

*

2017 నవంబరు 4న రాజకోటలో న్యూజిలాండుపై భారత జట్టు తరఫున తొలి ఆట. జాతీయగీతము వినబడుచుండగా అతని కన్నులు చెమర్చినవి. ఆట ఆరంభమైన పిదప నాలుగు ఓవర్లలో 53 పరుగులు పోయినవి. దొరికినది ఒక వికెట్టు. 2019 జనవరిలో అడిలెయిడున ఒక్కరోజు ఆటలో ప్రవేశము. పది ఓవర్లకు 76 పరుగులు, వికెట్టు సున్న. ఆ ఏటి ఐ.పి.ఎల్. ఇంకను చెడ్డది. బెంగుళూరు జట్టున ఆడుచు అతడు వేసిన బంతులు మైదానము నలుమూలలకు పోయినవి. “క్రికెట్టు విడిచి తండ్రితో కలిసి ఆటో నడుపుకో” అని జనులు ఎగతాళి చేసిరని అతడే తరువాత బాధతో తలచుకొన్నాడు.

పాఠకులు ఈ మాట దగ్గర ఒక క్షణము ఆగవలెను. తిట్టదలచినవాడు అతని బంతిని తిట్టలేదు, తండ్రి వృత్తిని తిట్టినాడు. ఆటో నడుపుట ఒక శిక్ష అన్నట్లు, ఓడినవాడు మరలిపోవలసిన గుంట అన్నట్లు. అతనిని అంతవరకు మోసికొని వచ్చినది ఆ ఆటోయే కదా! అట్టి మాటలను చెవి పెట్టవద్దని, బాగుగా ఆడిన నాడు పొగడువారే చెడిన నాడు తిట్టుదురని, ధోని చెప్పిన మాట తనకు ఊతమైనదని సిరాజ్ చెప్పినాడు.

2020 అక్టోబరు 21న అబుదాబిలో కలకత్తా జట్టుపై అతడు నాలుగు ఓవర్లు వేసి 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీసినాడు. అందు రెండు ఓవర్లలో పరుగే లేదు. ఒకే ఆటలో రెండు ఓవర్లు పరుగీయక వేసినవాడు ఐ.పి.ఎల్. చరిత్రలో అంతకు ముందు లేడు. తండ్రి అప్పటికే ఊపిరితిత్తుల వ్యాధితో బాధపడుచుండెను. కుమారుని గెలుపు చూచిన కన్నులకు అటుపై కాలము కొద్దిగానే మిగిలినది.

భారత జట్టు ఆస్ట్రేలియాకు పోయినది. అది కరోనా కాలము. దిగినవారు దిగినట్లే గదులలో ఏకాంతముగా ఉండవలెను. నవంబరు 20న తండ్రి మరణవార్త సిరాజ్‌కు అందినది. ఇంటికి పోవుటకు క్రికెట్టు మండలి అనుమతి ఇచ్చినది. పోయినచో మరల జట్టులో చేరుట అసాధ్యము. పోకున్న తండ్రిని కడసారి చూచుట లేదు. తండ్రి కల నెరవేర్చుమని తల్లి ఫోనులో చెప్పినది. అతడు నిలిచిపోయినాడు. తలుపు మూసిన హోటలు గదిలో, కౌగిలించుకొని ఏడ్చుటకు ఒక మనిషియైన లేక, ఆ యువకుడు ఆ రోజులు ఎట్లు గడిపెనో ఊహించుటకే మనసు రాదు. పుత్రధర్మము ఏది? చితి వద్దనో గోరీ వద్దనో నిలుచుటయా, తండ్రి కోరినది చేయుటయా? మన పురాణములు ఈ ప్రశ్నను పలు విధముల అడిగినవి. ఒక్క సమాధానము ఇచ్చినవి కావు.

డిసెంబరు 19న అడిలెయిడు టెస్టులో భారత జట్టు 36 పరుగులకే కూలినది. ఆ టెస్టులోనే షమీ చేయి విరిగినది. ఆ ఖాళీలో, డిసెంబరు 26న మెల్‌బోర్నులో, సిరాజ్ తొలి టెస్టు ఆడినాడు. ఆ టెస్టులో అయిదు వికెట్లు తీసినాడు, భారతము గెలిచినది. జనవరి 7న సిడ్నీలో జాతీయగీతము పాడునప్పుడు అతని చెంపలపై కన్నీరు జారినది. ఆ టెస్టులోనే హద్దు వద్ద నిలిచియున్న అతనిని కొందరు ప్రేక్షకులు నీచముగా దూషించినారు. అతడు మారుమాట లేకుండ నాయకునికి, అంపైర్లకు తెలిపినాడు. ఆట దాదాపు పది నిమిషములు నిలిచినది. ఆరుగురు ప్రేక్షకులను వెలుపలికి పంపినారు. కావలసినచో ఆట విడిచి పోవచ్చునని అంపైర్లు చెప్పగా, భారత జట్టు ఆడుటకే నిశ్చయించినది.

బ్రిస్బేనులో నాలుగవ టెస్టు వచ్చునప్పటికి బుమ్రా, షమీ, ఉమేశ్, అశ్విన్, జడేజా అందరును గాయపడి తప్పుకొన్నారు. రెండే టెస్టుల అనుభవము గల సిరాజ్ బౌలర్లలో పెద్దవాడైనాడు! ఆ మైదానమున 1988 తరువాత ఆస్ట్రేలియా టెస్టు ఓడినది లేదు. రెండవ ఇన్నింగ్సులో సిరాజ్ 73 పరుగులకు 5 వికెట్లు తీసినాడు. లబుషేన్, స్మిత్‌లు అందులోనివారే. 2021 జనవరి 19న భారతము 328 పరుగుల లక్ష్యము చేరి గెలిచినది. మొత్తము 13 వికెట్లతో అతడే ఆ వరుసలో మన జట్టున అగ్రగణ్యుడు. హైదరాబాదులో విమానము దిగినవాడు ఇంటికి పోలేదు. తిన్నగా తండ్రి సమాధి వద్దకు పోయినాడు. రెండు నెలలు ఆలస్యముగా కొడుకు తండ్రిని చూడ వచ్చినాడు.

*

ఇక అతని విద్య గూర్చి కొంత. గంటకు 140 కిలోమీటర్ల వేగమున వచ్చు బంతి, బ్యాటు పట్టినవానిని అర సెకను ప్రాంతములో చేరును. ఆ కొద్దికాలములో చూచుట, తలచుట, కొట్టుట అన్నియు జరుగవలెను. కావున కొట్టువాడు బౌలరు చేతిని, బంతి కుట్టును చూచి అది ఎటు పోవునో ముందుగనే ఊహించును. కుట్టు నిటారుగా ఉండి ఒక ప్రక్కకు వాలినచో బంతి ఆ వైపు వంగును. సిరాజ్ మరొక ఉపాయము నేర్చినాడు. వేళ్ళను కొంచెము ఎడముగా పెట్టి, విడుచునప్పుడు కుట్టు అటునిటు తడబడునట్లు వదలును. దానిని వాబుల్ సీమ్ అందురు. అట్టి బంతి నేల తాకినప్పుడు కుట్టు ఏ ప్రక్కన తగులునో దానిని బట్టి లోపలికో వెలుపలికో పోవును. ఎటు పోవునో వేసినవానికే నిశ్చయముగా తెలియదు. ఇక ఎదుటివాని మాట చెప్పనేల?

ఈ విద్య ఫలించిన దినములు కొన్ని ఉన్నవి. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్పు అంతిమపోటీ. ఒకే ఓవరులో నాలుగు వికెట్లు. మొత్తము 21 పరుగులకు 6. శ్రీలంక 50 పరుగులకు ముగిసినది. వర్షములతో పోరాడి మైదానమును కాపాడిన పనివారికి తన బహుమతి 5,000 డాలర్లను సిరాజ్ ఇచ్చివేసినాడు. ఆటో కార్మికుని కుమారుడు పనివారి చెమటను మరువలేదు. 2024 జనవరి 3న కేప్‌టౌనులో 15 పరుగులకు 6 వికెట్లు తీయగా దక్షిణాఫ్రికా 55 పరుగులకే కూలినది. ఆ టెస్టు 642 బంతులలో ముగిసి, ఫలితము తేలిన టెస్టులలో అతి చిన్నదిగా చరిత్రకెక్కినది. అదే ఏడు పొట్టి ఆట ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఉన్నందుకు తెలంగాణ ప్రభుత్వము అక్టోబరులో అతనిని పోలీసు డి.ఎస్.పి.గా నియమించినది. ఇంత జరిగిన పిదప కూడ 2025 ఛాంపియన్స్ ట్రోఫీ జట్టులో అతనికి చోటు దొరకలేదు. ఎక్కినవాడు మరల దిగవలసి వచ్చునన్నది ఈ వృత్తి నియమము.

ఆ సంవత్సరమే ఇంగ్లండులో అయిదు టెస్టులు. మన జట్టుకు ఆయువుపట్టు బుమ్రా మూడింటిలో మాత్రమే ఆడినాడు. అయిదింటను ఆడిన మన వేగబౌలరు సిరాజ్ ఒక్కడే. బుమ్రా లేని బర్మింగ్‌హామ్ టెస్టులో 70 పరుగులకు 6 వికెట్లు తీయగా భారతము గెలిచినది. తరువాతిది లార్డ్స్. జూలై 14న 193 పరుగుల లక్ష్యమునకు మనవారు చేరువగుచుండగా జడేజాకు తోడు చివరివాడుగా సిరాజ్ నిలిచినాడు. అతడు బ్యాటు పట్టుటలో పండితుడు కాడు. అయినను 30 బంతులు కాచుకొన్నాడు. షోయబ్ బషీర్ వేసిన బంతిని సరిగానే ఆపినాడు. ఆపిన బంతి నేలపై మెల్లగా దొర్లి వెనుకకు పోయి వికెట్టును తాకినది. ఒక బెయిలు పడినది. భారతము 22 పరుగుల తేడాతో ఓడినది. సిరాజ్ అక్కడనే కూలబడినాడు. ఇంగ్లండు ఆటగాండ్రు వచ్చి భుజము తట్టి లేపినారు.

చివరి టెస్టు ఓవల్‌లో. ఇంగ్లండు లక్ష్యము 374. నాలుగవ నాడు హ్యారీ బ్రూక్ 19 పరుగుల వద్ద, ప్రసిద్ధ్ కృష్ణ బంతిని ఎత్తి కొట్టినాడు. హద్దు వద్ద సిరాజ్ దానిని పట్టినాడు. పట్టి ఒక అడుగు వెనుకకు వేసినాడు. ఆ అడుగు హద్దు తాడుపై పడినది. వికెట్టు పోయి ఆరు పరుగులైనవి. బ్రూక్ 111 పరుగులు చేసినాడు. రూట్ 105 చేసినాడు. ఆ సాయంకాలము ఆట ఆగునప్పటికి ఇంగ్లండుకు కావలసినది 35 పరుగులు, చేతిలో 4 వికెట్లు. ఆ రాత్రి సిరాజ్‌కు నిద్ర పట్టినదో లేదో కాని, మరునాడు పెందలకడ లేచి, “నమ్ము” అను ఆంగ్ల పదముగల రొనాల్డో చిత్రము నొకటి వెదకి తన ఫోను తెరపై పెట్టుకొన్నాడు.

ఆగస్టు 4 ఉదయము అతడు స్మిత్‌ను పంపినాడు, ఓవర్టన్‌ను పంపినాడు. టంగ్‌ను ప్రసిద్ధ్ కృష్ణ పంపినాడు. భుజము తొలగిన వోక్స్ ఒక చేయి కట్టుకొని, ఒక చేత బ్యాటు పట్టి వచ్చినాడు. శత్రువైనను మెచ్చవలసిన ధైర్యము! ఇంకను 7 పరుగులు కావలెను. అయిదు టెస్టులలో వెయ్యికి మించి బంతులు వేసిన భుజము మరల ఎత్తి సిరాజ్ పరుగెత్తినాడు. బంతి నేరుగా అట్కిన్‌సన్ పాదముల చెంత పడి వికెట్టును ఎగురగొట్టినది. భారతము 6 పరుగుల తేడాతో గెలిచినది. టెస్టులలో, పరుగుల లెక్కన, మనవారి గెలుపులలో ఇంతకంటె చిన్న తేడా లేదు. ముందునాడు హద్దు తాడుపై అడుగు వేసి అతడు పోగొట్టినవి ఆరు. మరునాడు గెలిపించినవి ఆరు. ఆ టెస్టులో అతనికి 9 వికెట్లు, అయిదు టెస్టులలో 23.

*

గురువు లేక విద్య నేర్చినవాడనగానే మనకు నన్నయగారి ఆదిపర్వములోని ఏకలవ్యుడు గుర్తుకు వచ్చును. మట్టి ద్రోణుని ముందు బాణము నేర్చినవాని బొటనవ్రేలు కథ మనమందరము చెప్పుకొని జాలిపడుదుము. నేను తరగతిలో ఆ ఘట్టము బోధించి ఎన్నిమారులు గొంతు గద్గదమైనదో! కాని ద్రోణుడు ఎవడు? ఆ ప్రశ్నకు సమాధానము నా వద్దనే ఉన్నది.

ఇరువది యేండ్ల నాటి మాట. ఒక విద్యార్థి, వెనుక బల్లవాడు, ఎడమచేతితో బంతి వేగముగా వేయువాడు. హైదరాబాదులో జట్టు ఎంపికకు పిలుపు వచ్చినది, రెండు దినములు సెలవు ఇప్పింపుమని నా వద్దకు వచ్చినాడు. ఆ వారము పరీక్షలు. “బంతి కూడు పెట్టదు, పుస్తకము పట్టుము” అని పంపివేసినాను. నా మాట విని పరీక్ష వ్రాసినాడు, ఉత్తీర్ణుడైనాడు కూడ. నేను మంచిపని చేసితినని సంతోషించినాను. నేడు అతడు హనుమకొండలో ఆటో నడుపుచున్నాడు. కష్టించి పిల్లలను చదివించుచున్నాడు. కాబట్టి అతని బ్రతుకు చెడినదని అనుట అవమానము.

ఓవల్ ఆట ముగిసిన మరునాడు అదాలతు వద్ద అతని ఆటో ఎక్కినాను. మాట సిరాజ్ మీదికి పోయినది. నేను సిగ్గుపడి ఆ పాత సంగతి ఎత్తినాను. అతడు అద్దములో నా వంక చూచి నవ్వి ఇట్లన్నాడు: “మీరు పంపిస్తే నేను పెద్ద ఆటగాణ్ణయిత ఉంటినని అంటలేను సార్. కని పోయి ఓడిపోవుడు ఒకతీరు, పోకుంటనే ఉండుడు ఒకతీరు.”

దీనికి నా యం.ఏ. పట్టములో సమాధానము లేదు. సిరాజ్‌ను చూపి ప్రతి పిల్లవానిని చదువు మానుమని చెప్పుట వెర్రి. లక్షలలో ఒక్కడు సిరాజ్ అగును. మిగిలినవారికి పుస్తకము కావలెను. కాని ఆ ఒక్కడెవడో ముందుగా చెప్పు విద్య ఏ గురువునకు లేదు. ఫస్ట్ లాన్సర్ పిల్లవానికి క్లబ్బు మైదానము తన నగరములోనే దొరకినది. సుబేదారి పిల్లవానికి ఆ నగరము దాదాపు నూటయేబది కిలోమీటర్ల దూరము. తోలు బంతి, గట్టి పిచ్, చూచుటకు ఒక అనుభవజ్ఞుని కన్ను, ఈ మూడును జిల్లాలలో దొరకిననాడు కదా మన పిల్లలు పోయి ఓడిపోవు భాగ్యమైన పొందుట! మహమ్మద్ గౌస్ తన కుమారునికి గెలుపు ఇచ్చినవాడు కాడు. పోయి చూచుకొనుటకు అవకాశము ఇచ్చినాడు. ఆటో నడుపు తండ్రి ఇచ్చినది, పాఠము చెప్పు నేను ఈయలేకపోతిని.

నిన్న సాయంకాలము ఇంటికి వచ్చుచుండగా ఒక టెన్నిసు బంతి దొర్లి నా కాలికి తగిలినది. “సార్, బాల్!” అని పదేండ్ల పిల్లవాడు కేక వేసినాడు. వెనుకటివలె గద్దింపలేదు. వంగి తీసి విసిరినాను. నా విసురు వాని వద్దకు చేరనేలేదు, నడుమనే పడినది. వాడు నవ్వి, పరుగెత్తి వచ్చి ఏరుకొని, మరల అల్లంత దూరము వెనుకకు నడిచినాడు.